కూలి లేని ఆరు నెలలు

సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ అడిగినప్పుడు "హాస్టల్ జీవితం - మధుర స్మృతులు" అని రాద్దామనుకున్నాను. అదే పేరుతో అప్పటికే ముగ్గురు రాసి ఇచ్చారని తెలిసింది. అందుకని నేను ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పని ఒక సంగతి రాస్తున్నాను.

ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో నేను ప్రతి ఆదివారం పొద్దున్నే తయారై ఎక్కడికి పోతున్నానని మీలో చాలామంది అడిగారు. "పని నేర్చుకుంటున్న" అని చెప్పేదాన్ని. "ఎంతిస్తరే?" అని అడిగితే మాత్రం మాట మార్చేదాన్ని. ఎందుకంటే వాళ్ళు నాకు ఏమీ ఇచ్చేవారు కాదు.

మాది జనగామ జిల్లాలో ఒక చిన్న ఊరు. అమ్మ నాట్లకు, పత్తి ఏరడానికి పోతుంది. బాపు సుతారి మేస్త్రీల దగ్గర మాలు కలుపుతాడు. ఐదో తరగతి నుంచి నేను హాస్టళ్ళలోనే పెరిగాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతితో పట్టుకున్న మొదటి మనిషిని నేనే. మా ఇంటి గోడ మీద అంబేద్కర్ గారి ఫోటో ఉండేది. కానీ మా ఇంటి మనుషుల ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. అమ్మాబాపుల పెళ్ళికి ఫోటోలు తీయించే స్తోమత లేదు. ఆ లోటు మాకు ఎప్పుడూ తెలియలేదు, మా నానమ్మ చనిపోయేదాకా.

2022 డిసెంబరులో నానమ్మ పోయింది. దశదిన కర్మకు ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డు ఒక్కటే దొరికింది. అందులో ఆమె ముఖం బొటనవేలి గోరంత. బాపు దాన్ని పట్టుకొని టౌనులో ఒక స్టూడియోకు పోయాడు. అతను దాన్ని కంప్యూటర్లో సాగదీసి, నల్లగా ఉందని తెల్లరంగు ఎక్కించి, ఎవరిదో నీలం పట్టుచీర మెడ కింద అతికించి, ఫ్రేము కట్టి ఇచ్చాడు. మా చిన్నాన్న కొడుకుకు ఆరేళ్ళు. దండ వేసిన ఆ ఫోటోను చూసి "గీమె ఎవరు?" అని అడిగాడు. ఎవరమూ జవాబు చెప్పలేదు.

నాకు అన్నిటికంటే సిగ్గనిపించిన విషయం ఇంకొకటుంది. 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం బాపు అప్పు చేసి నాకు ఫోన్ కొనిచ్చాడు. అందులో నా ఫోటోలు, స్నేహితురాళ్ళ ఫోటోలు వందలున్నాయి. నానమ్మవి రెండే ఉన్నాయి. ఆ రెండూ ఆమె వెనుక కిటికీ ఉండగా తీసినవి. కిటికీ తెల్లగా వెలిగిపోతోంది, నానమ్మ ముఖం నల్లటి నీడలా ఉంది. అప్పుడు నేను బి.ఎస్సీ. చివరి సంవత్సరం. కాంతి శాస్త్రంలో మంచి మార్కులే వచ్చాయి. ఆ శాస్త్రంతో మా నానమ్మ ముఖం ఒక్కటి కనబడేలా చేయలేకపోయాను. ఫోటో తీయడం నేర్చుకోవాలని నేను నిర్ణయించుకున్నది ఆ రోజే.

నేర్చుకోవాలంటే దారేది? హైదరాబాదు మాసాబ్ ట్యాంకులో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో డిగ్రీ కోర్సు ఉందని నాకు డిగ్రీ అయిపోయాక తెలిసింది. ఇంటర్ చదివే చెల్లెళ్ళు ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకున్నా ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే. ప్రైవేటు కోర్సుల ఫీజులు మనం కట్టలేనివి. మిగిలింది ఒకటే, ఎవరైనా పనిచేసే ఫోటోగ్రాఫర్ దగ్గర చేరడం.

2023 వేసవిలో డిగ్రీ పరీక్షలు కాగానే హన్మకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా ఏడు స్టూడియోలు తిరిగాను. "పెళ్ళిళ్ళు రాత్రిపూట ఉంటయమ్మా, ఆడపిల్లవు, మాకు రిస్కు" అన్నారు కొందరు. "సొంత కెమెరా ఉందా?" అని అడిగారు ఇంకొందరు. కెమెరా ఉన్నవాళ్ళకే కెమెరా నేర్పుతారని అప్పుడు తెలిసింది. ఒకచోట మాత్రం సరే అన్నారు. అక్కడ నలభై రోజులు చేశాను. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం, జిరాక్సులు తీయడం, పొద్దున్నే షాపు ఊడవడం, టీ గ్లాసులు కడగడం నా పని. కెమెరా ఉన్న గదిలోకి పోతే "కస్టమర్ వచ్చిండు చూడు" అని కౌంటరు దగ్గరికి పంపేవారు. నలభై ఒకటో రోజు నేను పోలేదు. వాళ్ళు ఫోన్ కూడా చేయలేదు.

ఇక దొరకదని వదిలేసిన పని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మీలో చాలామందిలాగే నేను కూడా ఆదివారాలు ఫంక్షన్ హాళ్ళలో క్యాటరింగ్ పనికి పోయేదాన్ని. రోజుకు 400 రూపాయలు, భోజనం. 2023 శ్రావణంలో ఒక పెళ్ళిలో నేను మంచినీళ్ళ ట్రే పట్టుకొని మండపం దగ్గర నిలబడ్డాను. ఫోటోగ్రాఫర్‌కు లైటు పట్టుకునే అబ్బాయి ఎటో పోయాడు. ముహూర్తం దగ్గర పడింది. అయ్యవారు జీలకర్ర బెల్లం పెట్టమంటున్నారు. ఆయన అటూ ఇటూ చూసి "అమ్మా, జర ఆ లైటు పట్టుకో" అని నా వైపు చెయ్యి ఊపాడు. ట్రే కింద పెట్టి లైటు అందుకున్నాను. పెళ్ళికూతురి ముఖం మీద ఆమె తల నీడే పడుతోంది. ఒక అడుగు పక్కకు జరిగి లైటు కొంచెం పైకెత్తాను. నీడ పోయింది. ఆయన ఫోటోలు తీసి, కెమెరా తెర మీద చూసుకొని, తర్వాత నా ముఖం చూశాడు. "ఎవరు చెప్పిండ్రు నీకు జరగమని?" అన్నాడు. "ఎవరూ చెప్పలే సార్, నీడ పడుతున్నదని జరిగిన" అన్నాను.

భోజనాలయ్యాక ఆయన ప్లేటు తీయడానికి పోయి "సార్, నేను మీ దగ్గర పని నేర్చుకుంటా" అని అడిగేశాను. ఆయన నవ్వాడు. "నేర్పుత గానీ పైసలియ్యను. నా దగ్గర ముందు చేసినోళ్ళకు కూడ ఇయ్యలే. మా గురువు నాకియ్యలే" అన్నాడు. ఆలోచించుకొని చెప్తానని వచ్చేశాను.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు బాపుకు చెప్పాను. బాపు మొదట అడిగింది ఒకటే మాట. "కూలెంత?"

"కూలి లేదు బాపూ. పని నేర్పుతరు."

బాపు చాలాసేపు ఏమీ అనలేదు. బీడీ ముట్టించుకొని తర్వాత అన్నాడు. "మీ తాత దొర గడిల వెట్టి చేసిండు. డప్పు కొట్టిండు, మోట బొక్కెనలు కుట్టిండు, ఊళ్ళెకు ఏ ఆఫీసరొచ్చినా సామాన్లు మోసిండు. గింత జొన్న సంకటి పెడితే గదే మహాభాగ్యం. నిన్ను పదిహేడేండ్లు చదివిచ్చింది మల్ల ఒకని సంచి ఉత్తగ మొయ్యనీకేనా?"

నాకు జవాబు దొరకలేదు. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించిందనీ, 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చిందనీ మనం పరీక్షల్లో రాశాం. కానీ ఆ మాట మా ఇంట్లో పాఠం కాదు, తాత భుజం మీది కాయ. బాపు అడిగినదానిలో తప్పేమీ లేదు. డబ్బున్న ఇంటి పిల్లలు ఆరు నెలలు ఉత్తగా పనిచేస్తే దాన్ని అనుభవం అంటారు. మనం చేస్తే ఇంట్లో ఆ నెలకు రావలసిన డబ్బు రాదు, అంతే. నేను లెక్క వేసుకున్నాను. 26 ఆదివారాలు క్యాటరింగ్ మానేస్తే రోజుకు 400 చొప్పున 10,400 రూపాయలు. తమ్ముడి ఐ.టి.ఐ. ఫీజు నేను కడతానని అంతకుముందే మాట ఇచ్చాను.

రాత్రంతా ఆలోచించాను. తాత చేసినదానికీ నేను చేయబోయేదానికీ తేడా ఏమిటి? తాత మానేస్తానని అనలేడు. ఎప్పటికి అయిపోతుందో ఆయనకు తెలియదు. ఎంత చేసినా ఆయనకు దక్కిందేమీ లేదు. నేను చేసే పనిలో ఈ మూడూ వేరుగా ఉంటే అది వెట్టి కాదు. ఒక్కటి తప్పినా వెట్టే. తెల్లారి బాపుకు ఇదే చెప్పాను. "కాయితం రాపిచ్చుకో. నోటి మాట నమ్మకు" అన్నాడు. సంతకం కూడా సరిగా పెట్టలేని మా బాపు నాకిచ్చిన ఈ సలహా ఏ ప్రొఫెసరూ ఇవ్వలేదు.

హన్మకొండ వచ్చి సార్ ఇంటికి పోయి, కాగితం రాసుకుందామంటే ఆయనకు కోపం వచ్చింది. "గురువు దగ్గర కాయితమేంది?" అన్నాడు. లోపల ఆల్బమ్ డిజైన్ చేస్తున్న ఆయన భార్య (నేను అక్కా అని పిలుస్తాను) బయటికొచ్చి, "అడిగిందాంట్ల తప్పేముంది?" అని బిల్లుబుక్కులోంచి ఒక కాగితం చింపి తనే రాసింది. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఆరు నెలలు. ఆదివారాలు, కాలేజీ సెలవున్న ముహూర్తాలు మాత్రమే. హాస్టల్ గేటు వేసేలోపు పంపించాలి. ఆటో ఖర్చు, భోజనం వాళ్ళది. వారానికి ఒక గంట కెమెరా నా చేతికి ఇవ్వాలి. ఐదో నియమం అక్క తనంతట తానే రాసింది. ఇంటి పనులు చెప్పకూడదు. సార్ సంతకం పెట్టాడు, నేనూ పెట్టాను. దాన్ని చూపిస్తేనే వార్డెన్ మేడమ్ నాకు అనుమతి ఇచ్చారు. ఒకసారి ఆమె స్వయంగా సార్ స్టూడియోకు వచ్చి చూసి పోయారు కూడా. ఆ రోజు నాకు తలవంపుగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి.

మొదటి నెలంతా లైటు స్టాండు మోయడమే. సార్ ఏమీ చెప్పేవాడు కాదు. సాయంత్రం ఆ రోజు తీసిన ఫోటోలు వరుసగా చూపించి "వెలుగు ఎటు నుంచి వచ్చింది?" అని మాత్రం అడిగేవాడు. ముక్కు నీడ ఎటు పడిందో, కంట్లో తెల్లచుక్క ఎక్కడుందో చూసి చెప్పాలి. నెల తిరిగేసరికి పత్రికలో ఏ ఫోటో చూసినా లైటు ఎక్కడ పెట్టారో చెప్పగలిగాను. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుందని క్లాసులో రాసిన సూత్రం నా చేతిలో ఉన్న లైటుతో రోజూ రుజువయ్యేది. నేను ఒక అడుగు వెనక్కి పోతే చాలు, సార్ కెమెరాలోంచి తల ఎత్తకుండానే "ముందటికి రా" అనేవాడు.

ఒకరోజు నేనూ ఆయనకు ఒకటి నేర్పాను. లెన్సు మీద 2, 2.8, 4, 5.6, 8, 11 అని అంకెలుంటాయి. అవి అలా ఎందుకు పెరుగుతాయో సార్‌కు తెలియదు, అలవాటుగా తిప్పుతాడు. "సార్, వెలుగు పోయే రంధ్రం వైశాల్యం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటది. వ్యాసం 1.4 రెట్లు తగ్గితే వైశాల్యం సగమైతది. 1.4 అంటే రెండుకు వర్గమూలం. అందుకే ఒక్కో అంకెకు వెలుగు సగం తగ్గుతది" అని కాగితం మీద గుండ్రాలు గీసి చూపించాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నన్ను లైటు పిల్ల అనడం మానేసి పేరుతో పిలిచాడు.

సార్ ఫిల్ము కాలం మనిషి. యాషికా కెమెరాలో 120 రోలు వేస్తే 12 ఫోటోలే వచ్చేవనీ, అందుకే ఒక్కొక్కటి తీసేముందు ఊపిరి బిగబట్టేవాళ్ళమనీ చెప్పేవాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ గురించి ఆయనే మొదట చెప్పాడు. దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదువుకొని, ఇందోరులో నక్షలు గీసే ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకొని, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. అలాగే హోమై వ్యారావాలా గురించి నేను లైబ్రరీలో చదివాను. 1913లో పుట్టిన ఆమె మన దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్. ఆమె తొలి రోజుల ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయట. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. పని చేసినవాళ్ళ పేరు ఫోటో కింద ఉండకపోవడం కొత్తేమీ కాదని తెలిసింది.

జనవరిలో పెద్ద తప్పు చేశాను. పెళ్ళిలో కార్డులు మార్చే పని నాది. ఖాళీ కార్డు ఎడమ జేబులో, నిండినది కుడి జేబులో పెట్టుకోవాలి. ఆ రోజు ఎదుర్కోళ్ళ హడావిడిలో జేబులు మారాయి. నిండిన కార్డునే మళ్ళీ కెమెరాలో పెట్టి ఫార్మాట్ చేసేశాను. పెళ్ళికూతురిని తయారు చేసిన ఫోటోలన్నీ అందులో ఉన్నాయి. సంగతి అర్థం కాగానే నా కాళ్ళు వణికాయి. దాచిపెట్టాలనిపించింది, నిజం చెప్తున్నాను. కానీ ఆ కార్డు మీద ఇంకో ఫోటో తీస్తే ఇక దొరకవు. ఫార్మాట్ చేస్తే చెరిగిపోయేది విషయసూచిక లాంటిది మాత్రమే, పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తవి రాస్తేనే పోతాయి. సార్‌కు చెప్పేశాను. ఆయన ముఖం పాలిపోయింది. కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకొని ఇంకొకటి వేశాడు, అంతే. రాత్రి అక్క కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికితే దాదాపు అన్నీ దొరికాయి. తెల్లారి సార్ "తప్పు చేసిన్నాడు చెప్పినవు గద, నాకు గది చాలు" అన్నాడు. తాత కాలంలో తప్పు జరిగితే ఏమయ్యేదో బాపు చెప్పిన కథలు గుర్తొచ్చాయి. ఆ రోజు నాకు ఇది వెట్టి కాదనిపించింది.

ఆ నెలలోనే తమ్ముడి ఫీజు గడువు వచ్చింది. నా దగ్గర డబ్బు లేదు. సాయంత్రాలు ఇద్దరు పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తే వచ్చిన వెయ్యి రూపాయలు నా నోటుపుస్తకాలకే సరిపోయేవి. అమ్మ మహిళా సంఘంలో 3,000 అప్పు తెచ్చి కట్టింది. నాతో ఒక్క మాట అనలేదు. ఆ అప్పును కూడా నా ఫోటోగ్రఫీ ఖర్చు కిందే రాసుకున్నాను. ఉచితంగా నేర్చుకున్నానని ఎవరైనా అంటే నాకు ఆ 3,000 గుర్తుకొస్తాయి.

నేను నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఇంకొకటి చెప్పాలి. ఆల్బమ్ ఇచ్చేటప్పుడు ప్రతి పెళ్ళికూతురి తల్లీ "పిల్లను కొంచెం తెల్లగ చెయ్యండి సార్" అంటుంది. సార్ మీట నొక్కి తెల్లరంగు పెంచేవాడు. నాకు నానమ్మ ఫోటో గుర్తొచ్చేది. అసలు ముఖం ఎందుకు మసకబారుతోందని అడిగాను. కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిద రంగు అనుకొని లెక్క కడుతుంది. తెల్లపూల మండపం ముందు చామనఛాయ అమ్మాయి నిలబడితే అది పూలను చూసి వెలుగు తగ్గించేస్తుంది. ముఖం నల్లబడుతుంది. తప్పు అమ్మాయి రంగుది కాదు, లెక్కది. ఫిల్ము కాలంలో కోడాక్ కంపెనీ ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి పంపిన నమూనా కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేదని తర్వాత చదివాను. మనలాంటి ముఖాలు ఆ లెక్కల్లో లేనే లేవు.

మార్చిలో ఒక పెళ్ళికూతురిని తయారు చేసేచోట ఫోటోలు తీయమని సార్ కెమెరా నాకే ఇచ్చాడు. ఆడవాళ్ళ గది కాబట్టి నేనైతేనే వాళ్ళకు బాగుంటుందని. ఆ అమ్మాయి మా అమ్మంత నలుపు. ఆమెను కిటికీకి పక్కగా కూర్చోబెట్టి, రెండోవైపు తెల్ల దుప్పటి పట్టించి, మీటరు చెప్పినదానికంటే ఒక మెట్టు వెలుగు పెంచి తీశాను. నల్లని చర్మం మీద వెలుగు ఎంత అందంగా జారుతుందో అప్పుడు చూశాను. ఆల్బమ్ రోజు వాళ్ళమ్మ ఆ ఫోటో దగ్గర ఆగి చాలాసేపు చూసింది. తెల్లగా చేయమని అనలేదు.

ఉగాదికి సార్ పాత కెమెరా ఒకటి రెండు రోజులకు ఇచ్చాడు. ఇంటికి తీసుకుపోయి పొద్దున్నే అమ్మను గడప మీద కూర్చోబెట్టి తీశాను. పని చీరలోనే. బాపును తీశాను, మాలు అంటిన చేతులతో సహా. అమ్మ ఫోటో చూసుకొని "ఇగ నేను సచ్చినంక మీకు ఫోటో రంది లేదు" అని నవ్వింది. బాపు నవ్వలేదు. ఫోటోలో తన చేతులను చూసుకుంటూ "పని కనవడ్తంది" అన్నాడు.

ఏప్రిల్ 30 వచ్చింది. సార్‌కు ఆ తేదీ గుర్తులేదు. "శ్రావణంల మంచి ముహూర్తాలున్నయి, గప్పుడు రా" అన్నాడు. నేను కాగితం తీసి చూపించాను. "సార్, ఈ రోజుతోని అయిపోయింది. ఇగ వస్తే రోజుకింతని ఇయ్యాలె" అన్నాను. గొంతు వణికింది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "ఇంకో సీజన్ నేర్చుకో, తర్వాత చూద్దాం" అన్నాడు. కాదన్నాను. దండం పెట్టి వచ్చేశాను. ఆటోలో హాస్టల్‌కు వస్తూ ఏడ్చాను. ఎందుకంటే ఆయన మంచివాడు. మంచివాళ్ళ దగ్గర కూలి అడగడం చెడ్డవాళ్ళ దగ్గర అడగడం కంటే కష్టం. కానీ ఆ రోజు అడగకపోతే బాపు అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు అబద్ధమైపోయేది.

ఆ వేసవంతా మూఢం. పెళ్ళిళ్ళు లేవు, క్యాటరింగూ లేదు. ట్యూషన్లతో గడిపాను. మూడు నెలలు ఫోన్ రాలేదు. ఇక ఆ తలుపు మూసుకుపోయిందనుకున్నాను. ఆగస్టులో అక్క ఫోన్ చేసింది. "పెండ్లికూతురు దిక్కు ఆడపిల్లే తియ్యాలని అడుగుతున్నరు. సార్ రోజుకు వెయ్యి అంటున్నడు. నువ్వు పన్నెండు వందలడుగు" అంది. అడిగాను. ఇచ్చారు. మొదటి డబ్బులో అమ్మ సంఘం అప్పు కట్టేశాం.

ఇప్పుడు నాకు 23 ఏళ్ళు. ఎం.ఎస్సీ. పూర్తయింది. లెక్చరర్ పోస్టులకు చదువుకుంటూనే ముహూర్తాల రోజుల్లో ఫోటోలు తీస్తున్నాను. సొంత కెమెరా ఇంకా కొనలేదు, చీటీ వేస్తున్నాను.

చెల్లెళ్ళారా, జీతం లేని పని దొరికితే చేరమని గానీ చేరవద్దని గానీ నేను చెప్పను. ఎవరి ఇంటి పరిస్థితి వారిది. చేరేముందు మాత్రం నాలుగు విషయాలు అడగండి. ఏం నేర్పుతారు? ఎప్పటిదాకా? మధ్యలో మానేయవచ్చా? ఖర్చులు ఎవరివి? జవాబులు కాగితం మీద పెట్టించుకోండి. పెద్ద సంస్థలో అప్రెంటిస్‌గా చేరేటట్టయితే 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండ్ మీ హక్కు. 2019లో సవరించిన నిబంధనల్లో చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల దాకా నిర్ణయించారు. ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న స్టూడియోలు ఆ లెక్కలోకి రావు కాబట్టి అక్కడ మన కాగితమే మన చట్టం. ఇంట్లో అడగకుండా మాత్రం చేరకండి. ఆ ఆరు నెలల కూలి నిజంగా కట్టేది వాళ్ళే.

మన హాస్టల్‌కు కూడా నేను బాకీ ఉన్నాను. నేను ఆరు నెలలు ఉత్తగా పనిచేయగలిగానంటే రాత్రికి ఇక్కడ అన్నం, పడుకోవడానికి చోటు ఉండబట్టే. 2024 చివర మెస్ ఛార్జీలు పెంచకముందు పి.జి. విద్యార్థికి నెలకు 1,500 రూపాయలే వచ్చేవి. దాంట్లోనే మా వంటమ్మ ఆలస్యంగా వచ్చిన నాకు గిన్నెలో అన్నం మూతపెట్టి ఉంచేది. నాకు నిజంగా స్టైపెండ్ ఇచ్చింది ఆ గిన్నె.

ఈ సంచిక కోసం తీసిన గ్రూపు ఫోటో నేనే తీశాను. ప్రతి ఏడాది వంటమ్మ, కామాటి అక్క, వాచ్‌మన్ తాత పక్కన నిలబడి చూసేవారు. ఈసారి వాళ్ళను ముందు వరుసలో కుర్చీల్లో కూర్చోబెట్టాను. వార్డెన్ మేడమ్ కూడా వాళ్ళ పక్కనే కూర్చున్నారు. వంటమ్మ వద్దు వద్దంటూనే కొంగు సవరించుకుంది. ఎండ ముఖాల మీద సమంగా పడేదాకా మిమ్మల్నందరినీ పావుగంట నిలబెట్టినందుకు తిట్టుకున్నారని తెలుసు, క్షమించండి. ఎవరి ముఖమూ తెల్లగా చేయలేదు. అందరి ముఖాలూ కనబడుతున్నాయి. మీ కాపీ ఇంటికి తీసుకుపోయి గోడకు పెట్టండి. సెలవులకు పోయినప్పుడు మీ ఫోన్‌తోనైనా సరే, మీ నానమ్మను, అమ్మమ్మను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి ఒక ఫోటో తీయండి. కిటికీ ఆమె వెనుక కాదు, మీ వెనుక ఉండాలి.



మీ అక్క,
ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)